వీధి మెయిల్‌బాక్సులోంచి చెక్కులు పోయాక ఇరుగుపొరుగు మధ్య పెరిగిన అనుమానం: మీ కాలనీల్లో ఏం చేశారు?

ప్లేనో వాసి (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఇంటి పన్ను బిల్లులు అక్టోబరు చివర్లో రావడం మొదలవుతాయనీ, జనవరి 31 లోగా కట్టాలనీ ఇక్కడ ఉంటున్నవారికి తెలుసు. ఈసారి డిసెంబరులో మా వీధి నుంచి పన్ను చెక్కులు పోస్టు చేసిన కొన్ని ఇళ్లవారికి ఒకే విధమైన నష్టం జరిగింది. వీధి చివర అన్ని ఇళ్లకూ కలిపి ఒకే స్తంభం మీద ఉన్న క్లస్టర్ మెయిల్‌బాక్సులో, బయటికి వెళ్లే ఉత్తరాల అరలో వేసిన కవర్లు గమ్యం చేరలేదు. మా చెక్కు బొమ్మను బ్యాంకు చూపించినప్పుడు పన్ను కార్యాలయం పేరు ఉండవలసిన చోట మేమెన్నడూ వినని ఒక వ్యక్తి పేరు ఉంది, కింద సంతకం మాత్రం నాదే. బ్యాంకుకు ప్రమాణపత్రం ఇచ్చాం, పోలీసులకూ తపాలా తనిఖీ విభాగానికీ ఫిర్యాదు చేశాం, పన్నును ఆన్‌లైనులో మళ్లీ కట్టేశాం.

నన్ను ఎక్కువగా బాధిస్తున్న విషయం ఆ తర్వాత జరిగింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరు రాత్రివేళ మెయిల్‌బాక్సు దగ్గర నిలబడిన ఒక కుర్రవాడి కెమెరా దృశ్యాన్ని పెట్టి, ఇతనెవరో ఎవరికైనా తెలుసా అని అడిగారు. గంట తిరగకముందే అది పక్క కాలనీల గ్రూపులకూ పాకింది. ఆ అబ్బాయి మా వీధిలోనే అద్దెకు ఉంటున్న, స్పానిష్ మాట్లాడే ఒక కుటుంబంలోని పిల్లవాడు. రాత్రి పని ముగించుకుని వచ్చి తమ అరలోని ఉత్తరాలు తీసుకున్నాడు. దృశ్యాన్ని తీసేశారు గాని, క్షమించమని అడిగినవారు లేరు. అప్పటి నుంచి ఆ ఇంటివారు ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుంటున్నారు. మా వీధిలో సగానికి పైగా తెలుగు కుటుంబాలే కాబట్టి ఇందులో మన బాధ్యత ఉందని నాకు అనిపిస్తున్నది. ఇటువంటి సందర్భంలో అనుమానానికి తావివ్వకుండా అందరినీ హెచ్చరించడం ఎలాగో అనుభవం ఉన్నవారు చెప్పండి.

షార్లెట్ బ్యాంకు ఉద్యోగి

ప్లేనో వాసి గారూ, నేను చెక్కుల మోసాలను పరిశీలించే విభాగంలో పనిచేస్తాను. ఈ దొంగతనం ఎలా జరుగుతుందో తెలిస్తే మీ వీధిలోని అనుమానం చాలావరకు తనంతట తానే సడలుతుందని నా నమ్మకం, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

క్లస్టర్ మెయిల్‌బాక్సుల్లో ప్రతి ఇంటి అరకూ వేర్వేరు తాళాలు ఉన్నా, ఉత్తరాలు వేసే ఉద్యోగి మొత్తం తలుపును ఒక్కసారిగా తెరవడానికి వేరొక తాళం ఉంటుంది. ఆ తాళాన్ని తెరిచే చెవిని యారో కీ అంటారు. ఒక ప్రాంతంలోని క్లస్టర్ బాక్సులను, అపార్ట్‌మెంటు పెట్టెలను, రోడ్డు పక్కన ఉండే నీలి పోస్టుడబ్బాలను అదే చెవి తెరవగలదు. అందుకే దొంగలు ఇళ్ల మీద కాక ఆ చెవి మీద కన్నేశారు. ఉద్యోగుల నుంచి బెదిరించి లాక్కోవడం, దొంగిలించిన చెవులను అమ్ముకోవడం ఈ నేరంలో ముఖ్యమైన భాగమైపోయింది. చెవి చేతికి చిక్కినవాడు ఒక రాత్రిలో ఎన్నో కాలనీలు తిరుగుతాడు. అతనికి మీ వీధిలో ఎవరి ఇల్లు ఏదో తెలియనవసరం లేదు.

కవరులో చెక్కు దొరికితే, పెన్నుతో రాసిన పేరునూ మొత్తాన్నీ అసిటోన్ వంటి ద్రవంతో కడిగి, సంతకాన్ని మాత్రం వదిలి, కొత్త పేరు రాస్తారు. లేదా దాన్ని నమూనాగా పెట్టుకుని అదే ఖాతా నంబరుతో కొత్త చెక్కులు అచ్చు వేస్తారు. దొంగిలించిన చెక్కుల ఫొటోలు టెలిగ్రామ్ ఛానళ్లలో అమ్మకానికి కనబడతాయి. జార్జియా స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ మైమన్ బృందం ఈ సంతలను గమనిస్తూ చేసిన పరిశోధన వల్లనే ఇది ఎంత వ్యవస్థీకృతమైన వ్యాపారమో బయటి ప్రపంచానికి తెలిసింది. దొంగిలించినవాడు, కడిగినవాడు, కొన్నవాడు, తన ఖాతాలో జమ చేసుకున్నవాడు సాధారణంగా వేర్వేరు మనుషులు, తరచుగా వేర్వేరు ఊళ్లవారు.

2003 లో వచ్చి 2004 అక్టోబరు నుంచి అమలైన చెక్ 21 చట్టం తర్వాత కాగితం చెక్కు బ్యాంకుల మధ్య ప్రయాణించడం దాదాపు ఆగిపోయి, దాని బొమ్మ మాత్రమే వెళుతున్నది. ఫోనుతో జమ చేసే సౌకర్యం దాని నుంచే వచ్చింది. కడిగిన కాగితాన్ని చేత్తో తడిమి చూసే మనిషి మధ్యలో లేకపోవడం దొంగలకు కలిసివచ్చింది.

ఇక విస్తృతి సంగతి. ఆర్థిక నేరాలను గమనించే ఫెడరల్ సంస్థ ఫిన్‌సెన్, బ్యాంకుల నుంచి చెక్కు మోసాలపై 2021 లో 3,50,000 కు పైగా నివేదికలు వస్తే 2022 లో అవి 6,80,000 దాటాయని చెబుతూ 2023 ఫిబ్రవరిలో హెచ్చరిక జారీ చేసింది. ఆ తర్వాతి ఆరు నెలల్లో తపాలా దొంగతనంతో ముడిపడిన చెక్కు మోసాల మీద 15,417 నివేదికలు వచ్చాయి, వాటిలోని లావాదేవీల మొత్తం 68.8 కోట్ల డాలర్ల పైమాటే. మీ వీధిలో జరిగింది ఇంత పెద్ద ప్రవాహంలోని ఒక బొట్టు. అందులో పక్కింటి పిల్లవాడిని వెతకడం వల్ల ఎవరికీ న్యాయం జరగదు.

ఎడిసన్ సభ్యురాలు

బ్యాంకు ఉద్యోగి గారు చెప్పినదంతా విలువైనది. నేను దీనికి రెండో వైపు చెప్పాలనుకుంటున్నాను. మా అపార్ట్‌మెంటు సముదాయంలో అనుమానం కంటే ముందు మౌనం వచ్చింది. మా అంతస్తులో ఒకరి చెక్కు పోయి, వారు నెలల తరబడి బ్యాంకుతో పోరాడుతూ కూడా పక్క వాటాల వారితో ఒక్క మాట అనలేదు. తమ సొమ్ము పోయిందని నలుగురికీ తెలిస్తే చులకన అవుతామనీ, అంత చదువుకున్నవారు ఇంత అజాగ్రత్తగా ఉన్నారా అంటారనీ వారి భయం. ఊళ్లో చీటీల డబ్బు పోగొట్టుకున్నవారు ఎందుకు నోరు విప్పరో, వీరూ అందుకే విప్పలేదు. ఆ తర్వాత అదే పెట్టెలోంచి మరికొన్ని చెక్కులు పోయాయి. అప్పుడుగాని మొదటి సంగతి బయటపడలేదు.

దొంగకు చిక్కడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదని పెద్దవాళ్లు ముందు చెప్పాలి. మా సముదాయంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు తనకు జరిగినదాన్ని గ్రూపులో తేదీలతో సహా రాసిన తర్వాత, ఒకరి వెనుక ఒకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఫ్రిస్కో గృహస్థు

నేను కొంత భిన్నంగా ఆలోచిస్తున్నాను, ఎవరూ అపార్థం చేసుకోవద్దని మనవి. కెమెరా దృశ్యాలు పెట్టకూడదంటే, మరి ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది? నేను ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న వీడియో ఉందా అనే. మన ఇళ్లకు తపాలాలో వచ్చేవి చెక్కులు మాత్రమే కావు. ఉద్యోగ అనుమతి కార్డు, గ్రీన్ కార్డు, పిల్లల సోషల్ సెక్యూరిటీ కార్డు, పాస్‌పోర్టు అన్నీ తపాలాలోనే వస్తాయి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన గ్రీన్ కార్డు కవరు పోతే మళ్లీ దరఖాస్తు, మళ్లీ నిరీక్షణ, ఈలోగా ప్రయాణాలు రద్దు. ఆ భయంలో ఉన్న మనిషి మెయిల్‌బాక్సు దగ్గర అపరిచితుడు కనబడితే అప్రమత్తం కావడం సహజం. దాన్ని ద్వేషమనడం సరికాదు. మా కాలనీలో కెమెరాలో కారు నంబరు పడడం వల్లనే ఒక ముఠా దొరికింది.

హంట్స్‌విల్ ఇంజినీరు

ఫ్రిస్కో గృహస్థు గారూ, మీ భయం నాకు అర్థమవుతున్నది. అలబామాలోని మా పక్క ఊరు మాడిసన్‌లో 2015 ఫిబ్రవరిలో జరిగినదాన్ని మాత్రం ఇక్కడ గుర్తు చేయక తప్పదు. గుజరాత్ నుంచి కొడుకు ఇంటికి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన పొద్దున్నే వీధిలో నడుస్తుంటే, ఎవరో సన్నటి మనిషి ఇళ్ల వైపు చూస్తూ తిరుగుతున్నాడని ఒక ఇరుగు ఇంటివారు పోలీసులకు ఫోను చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసు అధికారి నేలకేసి పడదోయడంతో మెడ ఎముకలు దెబ్బతిని పాక్షికంగా పక్షవాతం వచ్చింది. ఆ అధికారి మీద ఫెడరల్ కోర్టులో రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. చివరకు న్యాయమూర్తే అతన్ని నిర్దోషిగా ప్రకటించారు.

మన తల్లిదండ్రులు కూడా సాయంత్రం చెప్పులేసుకుని వీధి చివరి దాకా నడుస్తారు, మెయిల్‌బాక్సు దగ్గర ఆగి నిలబడతారు, ఎవరైనా పలకరిస్తే నవ్వి ఊరుకుంటారు. ఇంకొక కాలనీ కెమెరాలో వారు ఎలా కనబడతారో ఆలోచించండి. మనం ఈరోజు స్పానిష్ మాట్లాడే కుర్రవాడికి ఏ కొలత వాడుతున్నామో, రేపు మన నాన్నగారికి అదే కొలత వాడతారు. వీడియోను పోలీసులకు ఇవ్వండి, కారు నంబరు ఇవ్వండి. మనిషి ముఖాన్ని మాత్రం వందలమంది ఉన్న గ్రూపులో పెట్టకండి.

ఫ్రిస్కో గృహస్థు

మాడిసన్ సంఘటన నాకు తెలుసు, మా నాన్నగారు ఆ సంవత్సరం ఇక్కడే ఉన్నారు. ముఖాన్ని గ్రూపులో పెట్టకూడదన్న మాటను ఒప్పుకుంటున్నాను. కెమెరాలు ఉండాలన్న మాట మీద నిలబడతాను.

ఆస్టిన్ కాలనీ సంఘ సభ్యురాలు

నేను మా కాలనీ సంఘం బోర్డులో ఉన్నాను. మాకూ ఇదే సమస్య వచ్చింది కాబట్టి చేసిన పనులు రాస్తాను.

మొదట తేల్చుకోవలసింది పెట్టె ఎవరిది అన్నది. కొత్త కాలనీల్లో క్లస్టర్ బాక్సు చాలావరకు కాలనీ సంఘానిదే, దాని మరమ్మతు సంఘం బాధ్యత. యారో తాళం మాత్రం తపాలా శాఖది. తలుపు వంగిపోయినా, కీలు విరిగినా మేము బాగు చేయించాలి. తాళం మార్చవలసింది వారు. ఈ తేడా తెలియక చాలా సంఘాలు నెలలు పోగొట్టుకుంటాయి, ఇరుపక్షాలూ అవతలివారు చేస్తారని చూస్తూ కూర్చుంటాయి.

రెండవది, తలుపును బలవంతంగా విరిచారా లేక చెవితో తెరిచారా అన్నది జాగ్రత్తగా చూడాలి. విరిచిన గుర్తులు లేకుండా చాలా అరలు ఒకేసారి ఖాళీ అయితే చెవి దొంగల చేతిలో ఉందని అర్థం. ఆ మాటను తపాలా తనిఖీ విభాగానికి రాతపూర్వకంగా చెప్పాలి. ఆ విభాగం ఫోను నంబరు 1-877-876-2455. ప్రతి ఇల్లూ విడివిడిగా ఫిర్యాదు ఇవ్వాలి. ఒకరు ఇచ్చారు కదా అని మిగతావారు ఊరుకుంటే అది ఒక చిన్న కేసుగా మిగిలిపోతుంది. టెక్సస్‌లో 2019 నుంచి అమల్లో ఉన్న తపాలా దొంగతనం చట్టం ప్రకారం ఎంతమంది చిరునామాదారుల ఉత్తరాలు పోయాయన్న దాన్ని బట్టి నేరం తీవ్రత పెరుగుతుంది. పదిమంది కంటే తక్కువైతే ఒక స్థాయి, ముప్పై లేదా అంతకంటే ఎక్కువైతే మరొక స్థాయి. అంటే మీ పొరుగువారు మౌనంగా ఉండిపోతే శిక్ష కూడా తగ్గే అవకాశం ఉంది. ఫెడరల్ చట్టంలో తపాలా దొంగతనానికి ఐదేళ్ల దాకా, యారో కీ దొంగతనానికి పదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది.

మూడవది మీరు అడిగిన హెచ్చరిక గురించి. మేము గ్రూపులో పెట్టే సందేశానికి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఏ పెట్టె, ఏ రాత్రి, విరిచారా తెరిచారా, ఏ రకమైన ఉత్తరాలు పోయాయి, ఫిర్యాదు నంబరు ఎంత. ఇంతవరకే. మనిషి రంగు, దుస్తులు, వయసు, భాష గురించి ఒక్క మాట ఉండదు. వీడియో ఉన్నవారు దాన్ని నేరుగా పోలీసులకు పంపి, పంపామని మాత్రం గ్రూపులో రాస్తారు. మొదట్లో దీన్ని కొందరు వ్యతిరేకించారు. ఈ పద్ధతి వల్ల ఏ పెట్టె మీద ఏ రాత్రి దాడి జరిగిందో ఒక క్రమం కనబడి, అది పోలీసులకు ముఖాల కంటే ఎక్కువగా ఉపయోగపడిన తర్వాత అందరూ దీనికే కట్టుబడ్డారు.

పిట్స్‌బర్గ్ సభ్యుడు

ఇంత శ్రమ ఎందుకండీ, చెక్కులు రాయడం మానేస్తే సరిపోదా? ఫెడరల్ ప్రభుత్వమే 2025 సెప్టెంబరు 30 నుంచి కాగితం చెక్కులు పంపడం ఆపేయాలని నిర్ణయించింది.

షార్లెట్ బ్యాంకు ఉద్యోగి

మానగలిగినంత మానడం మంచిదే, పన్నుల వంటి పెద్ద మొత్తాలకు మరీ ముఖ్యం. ఒక చిన్న జాగ్రత్త మాత్రం చెబుతాను. బ్యాంకు వెబ్‌సైటులో బిల్ పే నొక్కితే డబ్బు ఎప్పుడూ ఎలక్ట్రానిక్‌గానే వెళుతుందని చాలామంది అనుకుంటారు. అవతలివారు చిన్న వ్యాపారి అయితే బ్యాంకు కాగితం చెక్కు అచ్చు వేసి తపాలాలోనే పంపుతుంది. అది ఎలా వెళుతుందో అడిగి తెలుసుకోండి.

చెక్కు రాయక తప్పనప్పుడు నల్ల జెల్ పెన్ను వాడండి, ఆ సిరా కాగితంలో ఇంకి కడిగినా సులభంగా పోదు. చెక్కును క్లస్టర్ బాక్సులోగాని, చివరి తీత అయిపోయిన నీలి డబ్బాలోగాని రాత్రంతా ఉంచకుండా పోస్టాఫీసు లోపల ఇవ్వండి. తపాలా శాఖ ఉచితంగా ఇచ్చే ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీలో చేరితే ఆ రోజు మీకు రాబోయే ఉత్తరాల ఫొటోలు పొద్దున్నే ఈమెయిలులో వస్తాయి. రావలసిన కవరు రాకపోతే వెంటనే తెలుస్తుంది.

శాక్రమెంటో నుంచి, ఒక లెటర్ క్యారియర్ భార్య

నేను ఈ వేదికలో ఎప్పుడూ చదవడమే గాని రాయలేదు. మా ఆయన ఉత్తరాలు పంచే ఉద్యోగి. తెలుగువారిలో ఈ పని చేసేవారు ఇక్కడ తక్కువ కాబట్టి మా సంగతి మీలో ఎవరికీ తట్టకపోవచ్చు. పొరుగువారి తర్వాత అనుమానం వచ్చి పడేది క్యారియర్ మీదనే. ఏళ్ల తరబడి ఒకే వీధుల్లో తిరిగి, పిల్లల పేర్లు తెలిసి, వృద్ధుల గుమ్మం దాకా పార్సిల్ తెచ్చి ఇచ్చిన మనిషిని, దొంగతనం జరిగిన మరునాటి నుంచి కొందరు ఫోనులో రికార్డు చేస్తూ నిలబడుతున్నారు. ఆయన ఇంటికి వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చుంటారు.

2022 ఆర్థిక సంవత్సరంలో విధుల్లో ఉన్న 412 మంది క్యారియర్లను దోచుకున్నారని తపాలా శాఖే ప్రకటించింది. ఆ సంఖ్య చదివినప్పటి నుంచి ఆయన ఇల్లు చేరేదాకా నాకు మనసు నిలవదు. బ్యాంకు ఉద్యోగి గారు చెప్పిన చెవి ఆయన నడుముకు గొలుసుతో వేలాడుతూ ఉంటుంది. అది ఎవరికి కావాలో ఆయనకూ తెలుసు. శాఖలో తప్పుచేసేవారు లేరని నేను అనను, అటువంటివారిని పట్టుకున్న కేసులు ఉన్నాయి. 2023 మేలో ప్రకటించిన ప్రాజెక్ట్ సేఫ్ డెలివరీ పథకంలో 49,000 యారో తాళాల స్థానంలో ఎలక్ట్రానిక్ తాళాలు పెడతామన్నారు. పాత ఇనుప చెవికి ఆ తాళం తెరుచుకోదు కాబట్టి దాన్ని లాక్కునే ప్రయోజనం తగ్గుతుంది. అటువంటి తాళం మీ పెట్టెకు కావాలని మీ కాలనీ సంఘాలు గట్టిగా అడిగితే, మీ చెక్కులతో పాటు మా ఇంటి మనిషీ భద్రంగా ఉంటాడు.

ఆస్టిన్ కాలనీ సంఘ సభ్యురాలు

అమ్మా, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. మా సంఘం పంపిన లేఖలో తాళం గురించి అడిగాం గాని, క్యారియర్ భద్రత మాట అందులో లేదు. తర్వాతి లేఖలో ఆ మాట చేరుతుంది.

ఎడిసన్ సభ్యురాలు

బ్యాంకు ఉద్యోగి గారికి ఒక ప్రశ్న. డబ్బు ఎవరు తిరిగి ఇస్తారన్న విషయంలో రెండు బ్యాంకులు ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ మా పొరుగువారిని చాలా కాలం తిప్పాయి. నియమం ఏమిటి?

షార్లెట్ బ్యాంకు ఉద్యోగి

అన్ని రాష్ట్రాలూ కొద్ది మార్పులతో అనుసరించే వాణిజ్య స్మృతి ప్రకారం స్థూలంగా ఇలా ఉంటుంది. మీరు రాసిన చెక్కునే కడిగి పేరుగాని మొత్తంగాని మార్చితే, అంతిమంగా భారం దాన్ని జమ చేసుకున్న బ్యాంకు మీద పడుతుంది. మీ ఖాతా నంబరుతో సరికొత్త దొంగ చెక్కు అచ్చు వేసి సంతకం ఫోర్జరీ చేస్తే, భారం సాధారణంగా మీ బ్యాంకుదే. ఈ రెండింటిలో ఏది జరిగిందో బొమ్మ చూసి చెప్పడం కష్టం కాబట్టి బ్యాంకులు వాదించుకుంటాయి. ఖాతాదారు మాత్రం తన బ్యాంకుతోనే మాట్లాడాలి, తన ఫిర్యాదును రాతలో ఇవ్వాలి. స్టేట్‌మెంటు వచ్చిన వెంటనే చూసి చెప్పడం చాలా ముఖ్యం. అదే దొంగ మళ్లీ మళ్లీ వాడుకుంటే, ముప్పై రోజుల తర్వాత జరిగిన వాటికి హక్కు పోవచ్చు. ఏడాది దాటితే దాదాపుగా ఏ హక్కూ మిగలదు. ఖాతా ఒప్పందంలో ఇంకా తక్కువ గడువు కూడా ఉండవచ్చు, చదవండి.

ఎడిసన్ సభ్యురాలు గారు చెప్పిన మౌనం ఇక్కడ కూడా నష్టమే చేస్తుంది. పక్కవారు చెప్పి ఉంటే స్టేట్‌మెంటును ఆ వారమే తిరగేసి చూసేవారు ఎందరో ఉంటారు.

ప్లేనో వాసి

అందరికీ ధన్యవాదాలు. ఇక్కడ చదివిన తర్వాత నేనూ, మా వీధిలోని ఇంకో ఇద్దరమూ ఆ కుటుంబం ఇంటికి వెళ్లాం. తలుపు తీసినది ఆ అబ్బాయి తల్లి. గ్రూపులో జరిగినదానికి మా వీధి తరఫున క్షమించమని అడిగాం. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత లోపలికి రమ్మన్నారు.

అప్పుడు తెలిసింది, నవంబరులోనే వారి ఇంటి అద్దె చెక్కు అదే పెట్టెలోంచి పోయిందట. మా పన్ను చెక్కుల కంటే చాలా ముందు. యజమాని అద్దె రాలేదంటే మళ్లీ కట్టారు, ఆ నెల వారికి చాలా కష్టంగా గడిచింది. వీధిలో ఎవరికీ ఎందుకు చెప్పలేదని మాలో ఒకరు అడిగితే, మేము కొత్తవాళ్లం, అద్దెకున్నవాళ్లం, దొంగతనం మాట మా నోటి నుంచి వస్తే మా వైపే చూస్తారని అనుకున్నామని చెప్పారు. వారు భయపడినదే జరిగింది కాబట్టి ఆ మాటకు మేము ఏమీ బదులు చెప్పలేకపోయాం. ఆ సంగతి నవంబరులో మాకు తెలిసి ఉంటే డిసెంబరులో ఒక్క ఇల్లు కూడా పన్ను చెక్కును ఆ పెట్టెలో వేసేది కాదు.

ఆ అబ్బాయి ఇంకా మాతో మాట్లాడలేదు, మాట్లాడమని మేమూ ఒత్తిడి చేయలేదు. దృశ్యాన్ని పెట్టినాయన వేరుగా వెళ్లి కలుస్తానన్నారు. కాలనీ సంఘానికి ఆస్టిన్ సభ్యురాలు గారి కట్టుబాటును యథాతథంగా పంపించాం. హెచ్చరికలు ఇంగ్లీషుతో పాటు స్పానిష్‌లోనూ తెలుగులోనూ ఉండాలనీ, వాట్సాప్ గ్రూపులో ఇంటి యజమానులతో పాటు అద్దెకున్నవారినీ చేర్చాలనీ అడిగాం. ఇంతవరకు అద్దెకున్నవారిని చేర్చుకోని గ్రూపు అది.

ఫ్రిస్కో గృహస్థు

మా గ్రూపులోనూ అద్దెకున్నవారు లేరు. ఈ వారాంతంలో బోర్డు సమావేశం ఉంది, అక్కడ ఈ విషయం లేవనెత్తుతాను. ప్లేనో వాసి గారూ, ఆ కుటుంబం నవంబరు చెక్కు మీద ఫిర్యాదు ఇచ్చిందా? ఏడాది గడువు లోపలే ఉన్నారు కాబట్టి వారి డబ్బు తిరిగి రావడానికి అవకాశం ఉంది కదా.

ప్లేనో వాసి

ఇవ్వలేదండీ. రేపు ఉదయం మా ఇద్దరి చెక్కుల బొమ్మలూ తీసుకుని ఆవిడతో కలిసి వారి బ్యాంకుకు వెళుతున్నాను, అక్కడి నుంచి పోలీసు స్టేషనుకు.